వంద దాటితే వణికే కారూ.. తోక మీద వాలని పురుగులూ

మా కారుకి ఈ మధ్య ఓ జబ్బు చేసింది. ఎనభై దాకా బుద్ధిగానే పోతుంది. తొంభై అయిదు దాటిందంటే స్టీరింగు చేతుల్లో సన్నగా అదరడం మొదలు. నూట పది దగ్గర ఆ అదురు సీటు కిందకి, అక్కణ్ణుంచి పక్క సీట్లో మా ఆవిడ పట్టుకున్న నీళ్ళ సీసాలోకి పాకేస్తుంది. నూట ఇరవై దగ్గర ఏమవుతుందో నాకు తెలీదు, ఎందుకంటే ఆ సీసా నా నెత్తిన పడుతుందన్న భయంతో ఎప్పుడూ అక్కడిదాకా పోనివ్వలేదు.

నాది స్పోర్ట్స్ కారేం కాదండోయ్. సెకండ్ హ్యాండులో కొన్న చిన్న బండి, ఇంకా ఆరు ఈఎమ్ఐలు మిగిలున్నాయి. కానీ ఆ జబ్బు పుణ్యమా అని నేను రెండు నెలలపాటు కార్ల అదురు గురించి దొరికిందల్లా చదివాను. చదువుతూ చదువుతూ 1969లో జర్మనీలో పుట్టిన ఒక కారు దగ్గర ఆగిపోయాను. దాని పేరు పోర్షా 917. ఇవాళ చెప్పబోయేది ఎక్కువగా దాని కథే. మధ్యలో మా కారు వస్తుంది, మా ఆఫీసు కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు కాస్త లెక్క. ఇంజనీరింగు చదివినవాళ్ళం కదా, ఆ మాత్రం చెయ్యకపోతే కట్టిన ఫీజు దండగ. అదురు అనేది ఊరికే రాదు, దానికో లయ ఉంటుంది. ఆ లయ దేన్ని బట్టి మారుతుందో పట్టుకుంటే సగం రోగం దొరికినట్టే. నా కారు చక్రం చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. గంటకి వంద కిలోమీటర్లంటే సెకనుకి 27.8 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 15 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను 3000 ఆర్పీఎమ్ మీదుంటే సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. రెంటికీ బోలెడంత తేడా. సెకనుకి పదిహేను ఊపులు చేతికి ఊపుల్లాగే తెలుస్తాయి, యాభై అయితే జుమ్మని మోతలా ఉంటుంది.

ఇంకా తేలిక పరీక్ష ఒకటుంది. అదురు వస్తున్న స్పీడులో, ఖాళీ రోడ్డు మీద, గేరు న్యూట్రల్లో వేసి చూడాలి. ఇంజను చప్పబడినా అదురు అలాగే ఉంటే తప్పు చక్రాలదో టైర్లదో. ఆగిపోతే ఇంజను వైపు చూడాలి. మనం ప్రొడక్షన్లో ఏదైనా తేడా వస్తే ముందు డేటాబేసా, నెట్‌వర్కా అని విడగొట్టుకుంటాం చూడండి, అదే పద్ధతి. నేను ఔటర్ రింగు రోడ్డు మీద ఆదివారం పొద్దున్నే ఇది చేసి చూశాను. అదురు పోలేదు. చక్రాల దగ్గరే ఏదో ఉంది.

అసలు ఈ అదురు గొడవ కార్లు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1905 ప్రాంతంలో ఆరు సిలిండర్ల ఇంజన్లు మొదలైనప్పుడు అందరికీ ఒకటే తలనొప్పి. ఇంజను లోపల క్రాంక్‌షాఫ్టు పొడుగ్గా అయిపోయింది. పొడుగాటి ఇనప కడ్డీ కూడా తడిబట్టలాగే మెలి తిరుగుతుంది, కాకపోతే కంటికి కనపడనంత. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా అటో మెలి, ఇటో మెలి. ఒకానొక వేగం దగ్గర ఆ దెబ్బల లయా, కడ్డీ సహజ లయా కలిశాయా, ఇక చెప్పక్కర్లేదు, క్రాంక్‌షాఫ్టు పుటుక్కున విరిగేది. రోల్స్ రాయిస్ మొదటి ఆరు సిలిండర్ల కారు, 30 హార్స్‌పవర్‌ది, ఈ జబ్బుతోనే బాధపడింది. ఆ అనుభవంతో హెన్రీ రాయిస్ 1906లో వచ్చిన తర్వాతి కారుకి లావుపాటి క్రాంక్‌షాఫ్టు పెట్టాడు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే మరో మేధావి డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా ఉంటూ 1910 ప్రాంతంలో ఈ మెలి అదురుని మింగేసే డ్యాంపరు ఒకటి కనిపెట్టాడు. దాని మనవలూ మునిమనవలే ఇవాళ్టి కార్ల ఇంజన్ల ముందు పుల్లీలో కూర్చుని ఉంటాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, 917 చేసినవాళ్ళు అదురు అంటే తెలియని అమాయకులు కారు. పాపం, వాళ్ళకి తెలిసినంతగా ఆ రోజుల్లో ఎవరికీ తెలీదేమో కూడా.

1968లో రేసు కార్ల రూలు ఒకటి మారింది. మూడు లీటర్ల లోపు ఇంజనైతే ఎన్ని కార్లు తయారుచేశావని ఎవరూ అడగరు. అయిదు లీటర్ల దాకా కావాలంటే మాత్రం కనీసం 50 కార్లు తయారుచేసి చూపించాలి. ఆ 50ని 25 చేశారు. ఎవరి దగ్గరో మిగిలిపోయిన పాత కార్లు రేసుల్లోకి వస్తాయిలే, గ్రిడ్డు నిండుతుంది అనుకుని చేసిన సవరణ అది. పాతిక కొత్త రేసు కార్లు పనిగట్టుకుని చేసేంత పిచ్చివాడు ఎవడుంటాడు? ఉన్నాడు. ఫెర్డినాండ్ పియెక్. కంపెనీ స్థాపకుడు ఫెర్డినాండ్ పోర్షాకి కూతురి కొడుకు, అప్పటికి ముప్ఫై ఒకటేళ్ళవాడు, డెవలప్‌మెంటు విభాగం అధిపతి. రూల్లో సందు చూశాడు, దూరిపోయాడు. 1968 మధ్యలో పని మొదలైంది, 1969 మార్చిలో జెనీవా మోటార్ షోలో కారు తెల్లగా మెరుస్తూ నిలబడింది. తొమ్మిది పది నెలలు! మన దగ్గర ఒక పాత పోర్టల్ని కొత్త వెర్షనుకి మార్చడానికి అంతకంటే ఎక్కువే తీసుకుంటాం :)

ఇంజను చేసింది హాన్స్ మెట్జ్‌గర్. పన్నెండు సిలిండర్లు, అటు ఆరు ఇటు ఆరు పడుకోబెట్టి. నాలుగున్నర లీటర్లు, గాలితోనే చల్లబరచాలి. పన్నెండు సిలిండర్లంటే మళ్ళీ పొడుగాటి క్రాంక్‌షాఫ్టు, మళ్ళీ ఆ మెలి జబ్బు. ఇక్కడ ఆయన చేసిన పని చూసి నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. మామూలుగా క్రాంక్‌షాఫ్టు చివర్నుంచి శక్తిని బయటికి తీసుకుంటారు. ఈయన నడిమధ్యలో గేరు పెట్టి అక్కణ్ణుంచి తీశాడు. ఎందుకంటారా? ఇంటర్ ఫిజిక్సులో అస్పందన స్థానం అని చదువుకున్నాం గుర్తుందా, తీగ ఊగుతున్నా అక్కడ మాత్రం కదలిక ఉండదని? రెండు చివర్లూ అటూ ఇటూ మెలితిరిగే కడ్డీకి ఆ స్థానం మధ్యలో ఉంటుంది. రెండు చివర్లూ ఎంత కొట్టుకున్నా మధ్యలో కూర్చున్న గేరుకి ఆ సంగతి పట్టదు. పన్నెండు సిలిండర్ల ఇంజను కాస్తా, మధ్యలో చేతులు కలిపిన రెండు ఆరు సిలిండర్ల ఇంజన్లలా నడుస్తుందన్నమాట.

అదొక్కటే కాదు. కారు ఎముకల గూడు మొత్తం అల్యూమినియం గొట్టాలు, దాని బరువు యాభై కిలోలు కూడా లేదు. అంత పల్చటి గొట్టాలు అదురుకి పగుళ్ళివ్వవా? ఇస్తాయని వాళ్ళకీ తెలుసు. అందుకని గొట్టాల్లో గ్యాసు నింపి, దాని ప్రెషరు చూడటానికి మీటరు పెట్టారు. ముల్లు పడిపోతే ఎక్కడో పగిలిందని అర్థం. మానిటరింగు, అలర్టు అంటూ మనం ఇప్పుడు మురిసిపోతున్నది అప్పుడే ఇనుప గొట్టాల్లో.. సారీ, అల్యూమినియం గొట్టాల్లో చేసేశారు.

కారు మొత్తం బరువు 800 కిలోల చిల్లర. శక్తి 500 హార్స్‌పవర్ పైమాట. డ్రైవరు పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుకి ఉంటాయి, అంటే గుద్దితే ముందు తగిలేది కాళ్ళకే.

ఆ మార్చిలో తనిఖీకి వచ్చిన అధికారులకి పూర్తయిన కార్లు మూడే కనిపించాయి. మిగతావన్నీ ముక్కలుగా ఉన్నాయి. కుదరదన్నారు. ఏప్రిల్లో మళ్ళీ వచ్చేసరికి ఫ్యాక్టరీ ముందు పాతిక తెల్ల కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆఫీసులో పనిచేసేవాళ్ళని కూడా తీసుకొచ్చి బోల్టులు బిగింపించారని చెప్పుకుంటారు. కావాలంటే ఏ కారైనా ఎక్కి నడిపి చూడండి అన్నాడట పియెక్. అధికారులు అక్కర్లేదన్నారు. తెలివైనవాళ్ళు. డెమో రోజున క్లయింటు "నేనొకసారి క్లిక్ చేసి చూస్తా" అనకపోతే మనకెంత హాయిగా ఉంటుందో పియెక్ గారికీ అంత హాయిగా ఉండి ఉంటుంది.

ఇక అసలు బాధ ఇక్కడ మొదలైంది.

కారు వంకరగా పోతోంది. తిన్నటి రోడ్డు మీద. ఫ్రాన్సులో లె మాన్ రేసు ట్రాకులో అప్పట్లో ఆరు కిలోమీటర్ల తిన్నటి దారి ఉండేది, అక్కడ ఈ కారు గంటకి 320 కిలోమీటర్లు దాటేది. ఆ వేగంలో వెనక భాగం తేలిపోయి, రోడ్డంతా నాదే అన్నట్టు అటూ ఇటూ ఈదేది. కుర్చీలో కూర్చున్నవాడికి అది వణుకో, ఊపో, జారుడో కూడా సరిగ్గా చెప్పలేని పరిస్థితి. డ్రైవర్లు వచ్చి చెప్పారు. చేతులతో చూపించి చెప్పారు. మే నెలలో బెల్జియంలోని స్పా రేసుకి జో సిఫర్ట్, అప్పటికి పోర్షా జట్టులో అందరికంటే వేగమైన డ్రైవరు, ఈ కొత్త కారు వద్దని పాత 908 తీసుకున్నాడు, బ్రయాన్ రెడ్‌మన్‌తో కలిసి గెలిచాడు కూడా. ఆ రేసులో 917 ఒక్క ల్యాపుతోనే ఆగిపోయింది. జూన్ ఒకటిన న్యూర్‌బర్గ్‌రింగ్ రేసుకి జట్టు డ్రైవర్లెవరూ ఎక్కమంటే, డేవిడ్ పైపర్, ఫ్రాంక్ గార్డ్‌నర్ అనే ఇద్దరిని బయటనుంచి పిలిపించి నడిపించారు. ఎనిమిదో స్థానం. బతికి బయటపడ్డారు, అదే గొప్ప.

ఇక్కడ నాకు ఇంజనీర్ల మీద కోపం వస్తుంది, వెంటనే జాలీ వేస్తుంది. డ్రైవరు "అదురుతోంది, ఊగుతోంది" అంటే ఇంజనీరుకి చెవిలో వినపడేది "సస్పెన్షన్". స్ప్రింగులు మార్చు, చక్రాల కోణం మార్చు, షాక్ అబ్జార్బరు బిగించు. ఎవరికి ఏది బాగా తెలుసో, తప్పు అందులోనే వెతుకుతారు. బాడీ ఆకారం మీద ఎందుకు అనుమానం రాలేదంటే, అది కొత్తది కాదు కాబట్టి. పొడుగాటి తోక, నున్నటి వీపు.. అంతా అంతకుముందు కార్ల నుంచి, ముఖ్యంగా 908 నుంచి వచ్చిన వారసత్వం. చాలా ఏళ్ళపాటు పోర్షావి చిన్న ఇంజన్లు. లె మాన్‌లో పెద్ద ఇంజన్ల ఫోర్డులతో, ఫెర్రారీలతో పోటీ పడాలంటే గాలిని వీలైనంత తక్కువ కదిలించి జారిపోవడమొక్కటే దారి. ఆ విద్యలో ఆరితేరిపోయారు. గాలి నిరోధం తగ్గించడం వాళ్ళకి ఒక మతం.

కానీ 908 శక్తి 350 హార్స్‌పవర్. దీనిది 500 పైన. గాలి బలం వేగంతో పాటు పెరగదండీ, వేగం వర్గంతో పెరుగుతుంది. ఉదాహరణకి 160 దగ్గర గాలి కారు వెనక భాగాన్ని 40 కిలోల బలంతో పైకి లేపుతోందనుకోండి, డ్రైవరుకి తెలియను కూడా తెలీదు. 320 దగ్గర అదే 160 కిలోలవుతుంది. 800 కిలోల కారుకి, అదీ వెనక చక్రాల మీద నుంచి, 160 కిలోలు తీసేస్తే ఏం మిగులుతుంది? టైరు రోడ్డుని పట్టుకోదు, ముట్టుకుంటుంది అంతే. నెమ్మదిగా నడిపినప్పుడు ఎంత పరీక్షించినా ఈ తప్పు బయటపడదు.

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు మొదటి ప్రయాణంలోనే పేలిపోయిన సంగతి మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ క్లాసుల్లో విన్నదే. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన కోడునే ఇందులో పెట్టారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ, ఒక అంకె 16 బిట్లలో పట్టలేదు, నలభై సెకన్లలోపే అంతా అయిపోయింది. 917 తోక కూడా అలాంటి కోడే.

జూన్ 14, 1969. లె మాన్. జాన్ వూల్ఫ్ అనే ఇంగ్లీషు అతను తన సొంత డబ్బుతో ఒక 917 కొనుక్కున్నాడు. ప్రైవేటుగా ఎవరైనా కొన్న మొదటి 917 అది. అతనితో కలిసి నడపాల్సిన స్నేహితుడు ప్రాక్టీసులోనే ఆ కారుని చూసి భయపడి తప్పుకున్నాడు. అతని బదులు పోర్షా మనిషి హెర్బర్ట్ లింగే వచ్చాడు. మొదట నడిపేది నేనే అన్నాడు వూల్ఫ్. ఆ రోజుల్లో లె మాన్‌లో డ్రైవర్లు రోడ్డుకి అవతల నిలబడి, జెండా ఊపగానే పరిగెత్తుకొచ్చి కారెక్కేవాళ్ళు. బెల్టు కట్టుకోవాలంటే క్షణాలు పోతాయి, అందుకని చాలామంది కట్టుకునేవాళ్ళు కాదు. అది తప్పని చెప్పడానికి జాకీ ఇక్స్ అనే కుర్రాడు ఆ రోజు పరిగెత్తలేదు. తాపీగా నడుచుకుంటూ వెళ్ళి, బెల్టు కట్టుకుని, అందరికంటే ఆఖర్న బయల్దేరాడు. మొదటి ల్యాపు పూర్తవకుండానే, మేజోన్ బ్లాంష్ మలుపు దగ్గర వూల్ఫ్ కారు అదుపు తప్పింది. కారులోంచి బయటికి విసిరేయబడి చనిపోయాడు. బెల్టు లేదంటారు.

కారు తప్పెంత, అతని తొందరెంత, బెల్టు లేకపోవడం ఎంత.. ఎవరూ విడదీసి చెప్పలేరు. నేనూ చెప్పను. కానీ ఆ కారులో తేడా ఉందని, ఆ రోజుకి కొన్ని నెలలుగా దాన్ని నడిపినవాళ్ళు చెబుతూనే ఉన్నారు.

రేసు ఆగలేదు. విక్ ఎల్‌ఫర్డ్, రిచర్డ్ ఆట్‌వుడ్ నడుపుతున్న 917 ఆదివారం పొద్దుటిదాకా అందరికంటే ముందుండి, ఇంకా మూడు గంటలుందనగా గేరుబాక్సు వైపు దెబ్బతిని ఆగిపోయింది. చివరికి గెలిచింది ఎవరో తెలుసా? నడుచుకుంటూ వెళ్ళి కారెక్కిన ఇక్సే! 24 గంటల రేసులో రెండో కారుకి, అంటే హాన్స్ హెర్మన్ నడిపిన పోర్షా 908కి, నూట ఇరవై మీటర్ల దూరంలో. తర్వాతి ఏడాది నుంచి ఆ పరుగు స్టార్టు ఎత్తేశారు.

ఇక్స్ నడిపింది ఫోర్డ్ జీటీ40, దాన్ని రేసులో దింపింది జాన్ వయర్ అనే ఇంగ్లీషాయన జట్టు. ఓడిపోయిన పోర్షా ఏం చేసిందంటే, తమని ఓడించిన ఆ జట్టునే తర్వాతి సీజనుకి మాట్లాడుకుంది. మీరే మా కార్లు నడపండి బాబూ అని. ఇది నాకు చాలా నచ్చింది. అహం పక్కనపెట్టి చేసిన పని.

అలా 1969 అక్టోబరులో ఆస్ట్రియాలోని ఆస్టరైక్‌రింగ్ ట్రాకులో రెండు జట్లూ కలిశాయి. ఇటు జర్మన్లు, అటు ఇంగ్లీషువాళ్ళు. నిజానికి 917 తన మొదటి రేసు గెలిచింది ఆ ట్రాకు మీదే, ఆగస్టులో, సిఫర్ట్, కుర్ట్ ఆరెన్స్ చేతుల్లో. అయినా తేడా తేడాగానే ఉంది. అక్కడ కూడా మొదట సస్పెన్షన్‌తోనే కుస్తీ పట్టారు. స్ప్రింగులు మార్చారు, టైర్లు మార్చారు. రెడ్‌మన్, ఆరెన్స్ వెళ్ళడం, పెదవి విరుస్తూ రావడం. పక్కనే పోర్షావాళ్ళు అమెరికాలో రేసు కోసం చేసిన పైకప్పు లేని 917 కూడా ఉంది. అదే ఇంజను, అదే గూడు, తోక మాత్రం పొట్టిగా వేరేలా ఉంటుంది. దాంతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు! ఇంకేం కావాలి, రెండు బిల్డుల మధ్య తేడా కళ్ళ ముందే ఉంది.

వయర్ జట్టులో జాన్ హార్స్‌మన్ అని ఒక ఇంజనీరు. కారు ఆగి ఉండగా చుట్టూ తిరిగి చూస్తున్నాడు. అక్టోబరు కదా, కొండల మధ్య ట్రాకు, గాల్లో సన్నపురుగులు బోలెడు. మన వైపు వానాకాలం సాయంత్రం బండి మీద వెళ్తే కళ్ళలో పడతాయి చూడండి, అలాంటివి. కారు ముక్కు నిండా పురుగులు చచ్చి అంటుకున్నాయి. అద్దం నిండా పురుగులే. వెనక తోక మీదున్న రెక్కల మీద మాత్రం.. ఏమీ లేవు. శుభ్రంగా ఉన్నాయి.

పురుగు గాలితో పాటే పోతుంది. పురుగు లేదంటే అక్కడికి గాలి రావట్లేదు. గాలి పైకప్పు దాటాక తోకని ముట్టుకోకుండా పైనుంచి పోతోంది. కారు వెనక భాగాన్ని కిందకి నొక్కిపట్టాల్సిన ఆ రెక్కలు గాలే తగలనిచోట ఊరికే కూర్చుని ఉన్నాయన్నమాట. ఇన్ని నెలలూ!

ఇక కొలతల్లేవు, డ్రాయింగుల్లేవు. అల్యూమినియం రేకు, రివెట్లు, టేపు తెచ్చి వయర్ మెకానిక్కులు అక్కడికక్కడే తోకని పైకి లేపి, పొట్టిగా కత్తిరించి, గాలికి అందేలా కట్టారు. చూడ్డానికి మన ఊళ్ళో ఆటోకి వెనక రేకు కొట్టినట్టుండి ఉంటుంది. రెడ్‌మన్ తీసుకెళ్ళాడు. మామూలుగా ఒకటి రెండు ల్యాపులు తిప్పి వచ్చేసేవాడు ఈసారి ఆగకుండా తిప్పుతూనే ఉన్నాడంటారు. ఒక ల్యాపుకి కొన్ని సెకన్లు తగ్గాయి. రేసుల్లో కొన్ని సెకన్లంటే, క్వెరీకి ఇండెక్స్ వేసినంత తేడా. గాలి నిరోధం పెరిగింది, గరిష్ఠ వేగం తగ్గింది, కారు మాత్రం వేగంగా పోతోంది. ఎందుకంటే ఇప్పుడు డ్రైవరు కాలు పూర్తిగా తొక్కగలుగుతున్నాడు.

ఆ రేకు తోకే తర్వాత తీర్చిదిద్ది 917కే అయింది. 1970 మొదట్లో డేటోనా 24 గంటలు గెలిచింది. జూన్‌లో హెర్మన్, ఆట్‌వుడ్ ఎరుపు తెలుపు రంగుల 23వ నంబరు కారుతో లె మాన్ గెలిచారు, పోర్షాకి అక్కడ అదే మొదటి పూర్తి విజయం. అంతకుముందేడాది నూట ఇరవై మీటర్లలో పోగొట్టుకున్న హెర్మనే ఆయన. మళ్ళీ 1971లో హెల్ముట్ మార్కో (అవును, ఫార్ములా వన్ చూసేవాళ్ళకి తెలిసిన మార్కోనే), ఖైస్ వాన్ లెనెప్ ఇదే కారుతో 24 గంటల్లో 5,335 కిలోమీటర్లు తిరిగారు. ఆ రికార్డు 2010 దాకా చెక్కుచెదరలేదు.

ఇప్పుడు మా కారు. మొదటి దుకాణంలో వీల్ బ్యాలెన్సింగు చేసి, రిమ్ముకి సీసం ముక్కలు అంటించి పంపారు. పది రోజులు అద్భుతం. పదకొండో రోజు అదురు వెనక్కి. రెండో దుకాణంలో సస్పెన్షన్ మొత్తం మార్చాలని ఒక లిస్టు చేతిలో పెట్టారు, అందులో ఒక్క పేరూ నాకు అర్థం కాలేదు, మొత్తం మాత్రం బాగా అర్థమైంది. సగం మార్పించాను కూడా, సిగ్గులేకుండా చెబుతున్నా. అదురు అలాగే ఉంది. చివరికి మా కాలనీ చివర పంక్చర్లు వేసే చాచా, చక్రం ఊడదీసి లోపలివైపు తిప్పి చూసి, "సార్, బ్యాలెన్సింగు చేసేటప్పుడు లోపల కడిగిన్రా?" అన్నాడు. లోపల రిమ్ము అంచున నల్లమట్టి పెచ్చు, సగం. అమ్మావాళ్ళ ఊరెళ్ళినప్పుడు వానలో నల్లరేగడిలో దిగబడ్డాం, ఆ మట్టి. దుకాణంవాళ్ళు మట్టితో సహా బ్యాలెన్సు చేశారు. ఎండాక సగం పెచ్చు ఊడిపోయింది, అంటించిన సీసం మిగిలింది. చాచా స్క్రూడ్రైవరుతో గీకి, నీళ్ళతో కడిగి, మళ్ళీ బ్యాలెన్సు చేయించుకోమన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

పియెక్ గారి కథకి ఇంకో చిన్న తోక ఉంది. 1998లో ఆడి టీటీ అనే ముచ్చటైన చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. గుండ్రటి వీపు, నున్నటి తోక, వెనక రెక్కలాంటివేమీ లేవు. జర్మనీ హైవేల మీద బాగా వేగంగా పోతూ లేన్ మారబోతే వెనక భాగం తేలి తిరిగిపోయిన ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. 1999 చివర్లో ఆడి ఆ కార్లని వెనక్కి పిలిచి, తోక మీద చిన్న రెక్క పెట్టి, సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీ ఇచ్చింది. అప్పుడు ఆడి యజమాని అయిన ఫోక్స్‌వాగన్ గ్రూపు అధిపతి ఎవరనుకున్నారు? ఫెర్డినాండ్ పియెక్. ముప్ఫై ఏళ్ళ తర్వాత, మళ్ళీ తోక దగ్గరే. టీటీ ఆకారం ఆయన గీసింది కాదు, అంత పెద్ద కంపెనీలో ప్రతి కారు వీపూ ఆయన తడిమి చూడలేడు. అయినా ఈ సంగతి చదివినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు.

ఎందుకంటే నాదీ ఒకటుంది. మూడేళ్ళ క్రితం ఒక గోడౌన్ స్టాకు లెక్కల ప్రాజెక్టులో నేను రాసిన మాడ్యూలు ఒకటి నెలాఖర్న వేలాడిపోతోందని సపోర్టులో ఉన్న ఒక కుర్రాడు టికెట్ పెట్టాడు. నేను నడిపి చూశాను, రెండు సెకన్లలో అయిపోయింది. "నాట్ రిప్రొడ్యూసిబుల్" అని రాసి మూసేశాను. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ మూశాను. మూడోసారి కాల్ చేసి "అన్నా, నిజంగా ఆగిపోతోంది, గోడౌన్ వాళ్ళు నన్ను తిడుతున్నారు" అన్నాడు. నెట్‌వర్కు చూసుకోమన్నాను. క్లయింటు పెద్ద మెయిలు కొట్టాడు. సపోర్టువాళ్ళు సరిగ్గా పట్టించుకోవట్లేదని తేల్చి, ఆ కుర్రాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఆ ఏడాది అతనికి హైక్ రాలేదని తర్వాత తెలిసింది. ఆరు నెలల తర్వాత వేరే పని మీద ఆ కోడు తెరిస్తే, లూపులో లూపు. ప్రతి వరసనీ మిగతా అన్ని వరసలతో పోలుస్తున్నాను. నా టెస్టు డేటా అయిదొందల వరసలు. వాళ్ళకి నెలాఖర్న నలభై వేలు. ఎనభై రెట్ల డేటా, ఆరు వేల నాలుగొందల రెట్ల పని. నా రెండు సెకన్లు అక్కడ మూడున్నర గంటలు. వర్గం, మళ్ళీ.

మార్చాను, చెకిన్ చేశాను, కామెంట్లో "పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్" అని రాశాను. తప్పు నాదని ఎవరికీ చెప్పలేదు.

చాచా దగ్గర్నుంచి కడిగిన చక్రం వేసుకుని ఔటర్ మీద నూట పదిలో వెళ్ళొచ్చిన రోజు సాయంత్రం అతని నంబరు వెతికి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడట. లూపు సంగతి మొత్తం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అప్పుడే చెప్పా కదన్నా" అన్నాడు. అవునన్నాను. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని అడిగితే పురుగుల కథ చెప్పాను, పావుగంట పట్టింది. అంతా విని, వాళ్ళ నాన్నగారి కారు కూడా తొంభై దాటితే వణుకుతోందని, చాచా నంబరు ఉంటే పంపమని అడిగాడు.